తెలంగాణలో అంతర్జాల అమ్మకాలపై పన్ను

తెలంగాణలో అంతర్జాల అమ్మకాలపై పన్ను అనగా, రాష్ట్రంలోని వ్యాపారులు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి అంతర్జాల వేదికల ద్వారా గాని, సొంత వెబ్‌సైటు ద్వారా గాని అమ్మిన వస్తువులపై చెల్లించవలసిన పన్ను. 2017 జూన్ 30 వరకు ఇది విలువ ఆధారిత పన్ను (వ్యాట్), కేంద్ర అమ్మకపు పన్ను అనే రెండు చట్టాల కింద ఉండేది. 2017 జూలై 1 నుండి వస్తు సేవల పన్ను, అంటే జి.ఎస్.టి., వాటి స్థానంలో అమలులోనికి వచ్చింది. అంతర్జాల అమ్మకాల కొరకు ప్రత్యేకమైన పన్ను రేటు ఏదీ లేదు. కొట్టులో అమ్మినా, అంతర్జాలంలో అమ్మినా ఒకే చీరకు ఒకే రేటు వర్తిస్తుంది. భేదమంతా నమోదు, లెక్కల దాఖలు, అమ్మకపు సొమ్ము నుండి ముందుగానే మినహాయించే మొత్తం అనే మూడు విషయాలలో ఉన్నది. చిన్న వ్యాపారులపై పడే భారం కూడా ఎక్కువగా వీటి నుండి వచ్చేదే.

ఈ వ్యాసంలో ఉదాహరణలు సంగారెడ్డి జిల్లాలోని బీరంగూడ పరిసరాలను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి. నియమాలు రాష్ట్రమంతటికీ ఒక్కటే.

బీరంగూడ

బీరంగూడ సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలో, రామచంద్రపురం, పటాన్‌చెరుల మధ్య 65వ జాతీయ రహదారిని ఆనుకొని ఉన్నది. పూర్వం 9వ నెంబరుగా ఉండి, ముంబై రోడ్డుగా స్థానికులకు పరిచయమైన రహదారి ఇదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉండేది. గుట్టపైనున్న భ్రమరాంబ మల్లికార్జున స్వామి ఆలయం వలన ప్రసిద్ధి చెందింది. ఒక ప్రక్క భెల్, ఇక్రిశాట్ వంటి సంస్థలు, మరొక ప్రక్క పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు ఉండడంతో ఉద్యోగుల కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడినాయి. ఇటువంటి నివాస ప్రాంతంలో ఇంటిలోని ఒక గదినే గోదాముగా చేసుకొని చీరలు, పచ్చళ్లు, పిల్లల దుస్తులు అమ్మే వ్యాపారానికి కొట్టు అద్దె ఉండదు, కూలీల ఖర్చు ఉండదు. అయితే పన్ను చట్టం మాత్రం ఆ గదిని ఒక వ్యాపార స్థలంగానే చూస్తుంది.

పెద్ద అంతర్జాల సంస్థల గిడ్డంగులు కూడా హైదరాబాదు చుట్టుప్రక్కల వెలిశాయి. 2015లో అమెజాన్ కొత్తూరు వద్ద, ఫ్లిప్‌కార్ట్ గుండ్లపోచంపల్లి వద్ద గిడ్డంగులను ప్రారంభించాయి. 2022లో ఫ్లిప్‌కార్ట్ సంగారెడ్డి జిల్లాలో మరొక గిడ్డంగిని ప్రారంభించింది. వ్యాపారి సరుకును ఏ గిడ్డంగిలో ఉంచుతాడు అన్నది కేవలం రవాణాకు సంబంధించిన ప్రశ్న కాదు. అది పన్నుకు సంబంధించిన ప్రశ్న కూడా. దీని వివరణ క్రింద ఉన్నది.

పూర్వ చరిత్ర

భారత రాజ్యాంగం ప్రకారం అమ్మకపు పన్ను రాష్ట్రాల అధికారం. ఆంధ్ర ప్రాంతంలో 1939 నాటి మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి హైదరాబాదు సాధారణ అమ్మకపు పన్ను చట్టం అమలులో ఉండేవి. రాష్ట్రావతరణ తరువాత ఈ రెండింటి స్థానంలో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 వచ్చింది. ఆ చట్టం స్థానంలో 2005 ఏప్రిల్ 1 నుండి వ్యాట్ అమలైంది. వ్యాట్ సాధారణ రేటు మొదట 12.5 శాతంగా ఉండి, తరువాత 14.5 శాతానికి పెరిగింది.

ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి సరుకు కదిలే అమ్మకాలు మాత్రం 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం కిందికి వచ్చేవి. పేరులో కేంద్రం ఉన్నప్పటికీ ఈ పన్నును వసూలు చేసుకొని ఉంచుకున్నది సరుకు బయలుదేరిన రాష్ట్రమే. కొనే వ్యక్తి రిజిస్టర్డు వ్యాపారి అయి సి-ఫారము ఇచ్చినట్లయితే తక్కువ రేటు ఉండేది. ఆ రేటు 2007 ఏప్రిల్ 1న 4 నుండి 3 శాతానికి, 2008 జూన్ 1న 2 శాతానికి తగ్గింది. ఇంటి అవసరాలకు కొనుక్కునే సామాన్యుడు సి-ఫారము ఇవ్వలేడు గనుక అతనికి అమ్మిన వస్తువుపై, అమ్మిన రాష్ట్రంలోని పూర్తి రేటే పడేది. అంతర్జాలపు కొనుగోళ్లు ఎక్కువగా ఈ రెండవ రకానివే.

2005 వ్యాట్ చట్టం చిన్న వ్యాపారులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఏడాదికి 5 లక్షల నుండి 40 లక్షల వరకు అమ్మకాలున్నవారు వ్యాట్ బదులు 1 శాతం టర్నోవరు పన్ను కట్టే వీలుండేది. అయితే పొరుగు రాష్ట్రాలకు అమ్మేవారికి ఆ వీలు లేదు. వారు మొత్తంతో నిమిత్తం లేకుండా వ్యాట్ కింద నమోదు కావలసి ఉండేది. అంటే రాష్ట్రం సరిహద్దు దాటిన చిన్న వ్యాపారిని పెద్ద వ్యాపారితో సమానంగా చూడడం అన్నది జి.ఎస్.టి.తో పుట్టిన పద్ధతి కాదు.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఈ సరిహద్దు తెలుగువారి మధ్యకే వచ్చింది. ఆ ముందు రోజు వరకు బీరంగూడ నుండి విజయవాడకు పంపిన పార్శిలు రాష్ట్రంలోపలి అమ్మకం. ఆ రోజు నుండి అది అంతర్రాష్ట్ర అమ్మకం. ఒకే భాష, అవే చీరలు, అవే పచ్చళ్లు, పాత ఖాతాదారులే అయినా లెక్క మారిపోయింది.

అంతర్జాల వేదికలతో తగాదాలు

ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగుళూరులో పుస్తకాల అమ్మకంతో మొదలైంది. దాని తొలి ఆర్డరు మహబూబ్‌నగర్ నుండి వచ్చింది. పుస్తకాలపై వ్యాట్ లేనందున ఆ పార్శిలు ఏ పన్ను తగాదాకూ దారి తీయలేదు. ఫోన్లు, బట్టలు, గృహోపకరణాలు ఇదే మార్గాన రావడం మొదలైన తరువాత రాష్ట్రాలు మేల్కొన్నాయి.

విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు నేరుగా వినియోగదారులకు సరుకు అమ్మడానికి కేంద్ర నిబంధనలు అనుమతించవు. అవి అమ్మేవారికీ కొనేవారికీ మధ్య వేదికగా మాత్రమే ఉండవచ్చును. 2016 మార్చిలో కేంద్రం జారీ చేసిన ప్రెస్ నోట్ ఈ విషయాన్ని స్పష్టపరచింది. దీని ఫలితం ముఖ్యమైనది: బిల్లు మీద అమ్మకందారుగా కనిపించేది పెద్ద సంస్థ పేరు కాదు, ఎక్కడో ఒక గదిలో సరుకు కట్టే చిన్న వ్యాపారి పేరు. కనుక పన్ను బాధ్యత కూడా అతనిదే.

కర్ణాటకలో 2014లో వాణిజ్య పన్నుల శాఖ, అమెజాన్ గిడ్డంగిలో సరుకు ఉంచిన వ్యాపారులకు ఆ గిడ్డంగిని అదనపు వ్యాపార స్థలంగా చూపడంపై అభ్యంతరాలు తెలిపింది. కేరళలో ఫ్లిప్‌కార్ట్ తదితర సంస్థలపై జరిమానాలు విధింపబడగా, అవి అంతర్రాష్ట్ర అమ్మకాలు గనుక కేరళకు ఆ అధికారం లేదని ఆ రాష్ట్ర హైకోర్టు 2015 అక్టోబరులో వాటిని కొట్టివేసింది. అటు తరువాత ఉత్తరాఖండ్, గుజరాత్ వంటి కొన్ని రాష్ట్రాలు ప్రవేశ పన్ను మార్గాన్ని ఎంచుకున్నాయి. బయటి నుండి వచ్చిన పార్శిలు రాష్ట్రంలోనికి అడుగు పెట్టినందుకు వేసే పన్ను ఇది. 2016 నవంబరు 11న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో, వివక్ష లేనంత వరకు ప్రవేశ పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తీర్పు చెప్పింది. కాని అప్పటికే 101వ రాజ్యాంగ సవరణ ఆమోదం పొంది ఉండడంతో ప్రవేశ పన్ను కొద్ది నెలలలోనే చరిత్రలో కలిసింది.

వస్తు సేవల పన్ను

తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర వస్తు సేవల పన్ను బిల్లును ఆమోదించింది. జి.ఎస్.టి.లో రాష్ట్రంలోపలి అమ్మకంపై కేంద్ర జి.ఎస్.టి., రాష్ట్ర జి.ఎస్.టి. సగం సగంగా పడతాయి. వేరొక రాష్ట్రానికి పంపితే సమీకృత జి.ఎస్.టి. (ఐ.జి.ఎస్.టి.) ఒక్కటే పడుతుంది. దానిలోని రాష్ట్ర వాటా సరుకు చేరిన రాష్ట్రానికి పోతుంది. పాత కేంద్ర అమ్మకపు పన్నుకు ఇది పూర్తిగా వ్యతిరేకం. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక ప్రాంతాలున్న రాష్ట్రాలు సరుకు తయారుచేసి బయటకు పంపితే దానిపై రాబడి ఇప్పుడు వినియోగించే రాష్ట్రానిదే. రాష్ట్రాలకు కలిగే నష్టానికి కేంద్రం 2022 జూన్ వరకు ఐదేళ్లపాటు పరిహారం చెల్లించింది.

చిన్న వ్యాపారికి మాత్రం రాబడి ఎవరికి పోతుందన్న దానికన్నా తాను నమోదు కావాలా వద్దా అన్నదే మొదటి ప్రశ్న.

ఎవరు నమోదు కావాలి

సాధారణ నియమం ప్రకారం ఏడాది మొత్తం టర్నోవరు ఒక పరిమితి దాటితే నమోదు తప్పనిసరి. మొదట ఈ పరిమితి 20 లక్షల రూపాయలు. 2019 ఏప్రిల్ 1 నుండి కేవలం వస్తువులు అమ్మేవారికి దీనిని 40 లక్షలకు పెంచారు. అయితే ఈ పెంపును అంగీకరించకుండా 20 లక్షల పరిమితినే ఉంచుకున్న కొద్ది రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఆంధ్రప్రదేశ్ 40 లక్షల పరిమితిని అనుసరించింది. కనుక ఏడాదికి 30 లక్షల రూపాయల బట్టలు తన ఊరిలోనే అమ్మే విజయవాడ వ్యాపారికి నమోదు అక్కరలేదు. అదే వ్యాపారం బీరంగూడలో చేసేవారికి నమోదు తప్పదు. పత్రికలలో, చూడదగిన వివరాలిచ్చే సైటులలో కూడా "పరిమితి 40 లక్షలు" అని మాత్రమే వ్రాయడం కద్దు. తెలంగాణలోని పాఠకులు దానిని తమకు వర్తింపజేసుకోరాదు.

టర్నోవరు అంటే పన్ను పడే అమ్మకాలు మాత్రమే కాదు. ఒకే పాన్ నెంబరు మీద దేశమంతటా జరిగిన అమ్మకాలన్నీ, పన్ను లేని వస్తువుల అమ్మకాలతో సహా, కలిపి లెక్కించాలి. అయితే పూర్తిగా పన్ను మినహాయింపు ఉన్న వస్తువులను మాత్రమే అమ్మేవారికి నమోదుతో పనిలేదు.

ఈ సాధారణ నియమానికి చట్టంలోని 24వ సెక్షను మినహాయింపులను చెబుతుంది. పన్ను పడే వస్తువులను వేరే రాష్ట్రానికి అమ్మేవారు మొదటి రూపాయి నుండే నమోదు కావాలి. హస్తకళా వస్తువుల వంటి కొన్నిటికి మాత్రం నిర్ణీత షరతులతో సడలింపు ఉన్నది. అంతర్జాల వేదిక ద్వారా వస్తువులు అమ్మేవారు కూడా, ప్రక్క వీధిలోని కొనుగోలుదారుకు అమ్మినా సరే, మొదటి రూపాయి నుండే నమోదు కావాలని ఇదే సెక్షను చెప్పింది. కొట్టులో 19 లక్షలు అమ్మిన వ్యాపారికి లేని బాధ్యత, అంతర్జాలంలో 19 వందలు అమ్మిన గృహిణికి ఉండేది. సేవలు అందించేవారికి 2017 నవంబరులోనే ఈ నిబంధన సడలించబడింది. వస్తువులు అమ్మేవారు మరొక ఆరేళ్లు ఎదురుచూడవలసి వచ్చింది.

2022 జూన్‌లో చండీగఢ్‌లో జరిగిన 47వ జి.ఎస్.టి. కౌన్సిల్ సమావేశం దీనిని మార్చాలని సిఫారసు చేసింది. ఆ మార్పు 2023 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చింది. దాని ప్రకారం టర్నోవరు పరిమితి లోపల ఉన్నవారు నమోదు లేకుండానే అంతర్జాల వేదికపై వస్తువులు అమ్మవచ్చును. అయితే పాన్ ఉండాలి, జి.ఎస్.టి. పోర్టలులో వివరాలిచ్చి ఒక ఎన్‌రోల్‌మెంటు సంఖ్య తీసుకోవాలి, ఒకే రాష్ట్రం నుండి అమ్మాలి, రాష్ట్రం బయటకు ఒక్క పార్శిలు కూడా పంపరాదు. 1.5 కోట్ల రూపాయల వరకు టర్నోవరు ఉండి 1 శాతం చొప్పున పన్ను కట్టే కాంపోజిషను పథకపు వ్యాపారులకు కూడా అదే రోజు నుండి, రాష్ట్రంలోపలి అమ్మకాల వరకు, అంతర్జాల వేదికలు తెరచుకున్నాయి. అంతకు ముందు వారికి అది పూర్తిగా నిషిద్ధం.

ఈ సడలింపు విలువ ఊరిని బట్టి మారుతుంది. బీరంగూడ నుండి అదే రహదారిపై పడమటికి వెళితే జహీరాబాదు దాటగానే కర్ణాటక వస్తుంది. జహీరాబాదు వరకు పంపిన చీరకు నమోదు అక్కరలేదు, బీదరుకు పంపితే కావాలి. తెలుగు పచ్చళ్లకు, చీరలకు సహజమైన కొనుగోలుదారులు ఆంధ్రప్రదేశ్‌లోను, బెంగుళూరు, చెన్నై, పూణె నగరాలలోని తెలుగు కుటుంబాలలోను ఉన్నారు. వారందరినీ వదులుకుంటేనే ఈ సడలింపు దక్కుతుంది.

ఇంటి చిరునామా

నమోదుకు ప్రధాన వ్యాపార స్థలం చూపాలి. సొంత ఇల్లు అయితే కరెంటు బిల్లు గాని ఇంటి పన్ను రసీదు గాని సరిపోతుంది. అద్దె ఇల్లు అయితే అద్దె ఒప్పందంతో పాటు ఇంటి యజమాని హక్కును చూపే కాగితం ఒకటి కావాలి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తన ఇంటి చిరునామా మీద వ్యాపారం నమోదైతే కరెంటు మీటరు వాణిజ్య శ్రేణికి మారుతుందేమో, ఇంటి పన్ను పెరుగుతుందేమో అన్న శంకతో కాగితం ఇవ్వడానికి వెనుకాడే యజమానులు ఉంటారు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 ఏప్రిల్ 17న ఇచ్చిన సూచనలలో, జాబితాలో లేని పత్రాలు అడగరాదని, అద్దె స్థలానికి యజమాని హక్కును చూపే ఒక్క పత్రం చాలునని అధికారులకు తెలియజేసింది. 2025 నవంబరు 1 నుండి తక్కువ పన్ను బాధ్యత ఉన్న దరఖాస్తుదారులకు మూడు పనిదినాలలో నమోదు ఇచ్చే సులభ పద్ధతి కూడా వచ్చింది.

నమోదైనవారికి 15 అక్షరాల సంఖ్య లభిస్తుంది. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని సూచిస్తాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఒక రాష్ట్రపు సంఖ్య మరొక రాష్ట్రంలో చెల్లదు. బీరంగూడ వ్యాపారి తన సరుకును కొత్తూరులోని గిడ్డంగిలో ఉంచితే దానిని తన నమోదులో అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకుంటే చాలు. కొనుగోలుదారుకు త్వరగా చేరాలని ముంబై సమీపంలోని భివండిలో ఉంచితే మాత్రం మహారాష్ట్రలో వేరుగా నమోదై, అక్కడ వేరుగా లెక్కలు దాఖలు చేయాలి. తన సరుకే తన గిడ్డంగి నుండి గిడ్డంగికి వెళ్లినా రాష్ట్రం మారితే అది పన్ను పడే సరఫరాయే. సరుకును కొనుగోలుదారుకు దగ్గరగా ఉంచగలిగిన పెద్ద వ్యాపారికి, ఒకే రాష్ట్రంలో నమోదై దూరం నుండి పార్శిలు పంపే చిన్న వ్యాపారికి మధ్య అంతరం ఏర్పడడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మూలం వద్ద పన్ను వసూలు

చట్టంలోని 52వ సెక్షను ప్రకారం కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము తన ద్వారా వచ్చినట్లయితే, అంతర్జాల వేదిక అందులో కొంత భాగాన్ని ముందే మినహాయించుకొని వ్యాపారి పేరు మీద ప్రభుత్వానికి జమ చేయాలి. దీనిని మూలం వద్ద పన్ను వసూలు లేదా టి.సి.ఎస్. అంటారు. 2017లో వాయిదా పడిన ఈ సెక్షను 2018 అక్టోబరు 1 నుండి అమలైంది. రేటు మొదట 1 శాతం. 2024 జూలై 10 నుండి 0.5 శాతానికి తగ్గింది. నెలలో వాపసు వచ్చిన సరుకు విలువను తీసివేసి మిగిలిన దానిపైనే ఇది లెక్కించబడుతుంది.

ఇది అదనపు పన్ను కాదు. వేదిక తరువాతి నెల 10వ తేదీ లోపల జి.ఎస్.టి.ఆర్-8 రిటర్ను దాఖలు చేయగానే ఆ మొత్తం వ్యాపారి ఖాతాలో కనిపిస్తుంది. అతడు దానిని అంగీకరించి పన్ను చెల్లింపుకు వాడుకోవచ్చును. కాని నెలకు 3 లక్షల అమ్మకాలున్నవారికి 1 శాతం చొప్పున 3,000 రూపాయలు, 0.5 శాతం చొప్పున 1,500 రూపాయలు కొన్ని వారాలపాటు చేతికి అందవు. తక్కువ లాభంతో, అరువు సరుకుతో నడిచే వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుతోనే అమ్మకపు పన్ను చాలావరకు సరిపోయేవారికి ఈ సొమ్ము ఖాతాలో పేరుకుపోతుంది. అప్పుడు వాపసుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

దీనితో పాటు 2020 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను చట్టం, 1961లోని 194-ఓ సెక్షను కింద మరొక మినహాయింపు మొదలైంది. అది మొదట 1 శాతంగా ఉండి 2024 అక్టోబరు 1న 0.1 శాతానికి తగ్గింది. పాన్ లేదా ఆధార్ ఇచ్చిన వ్యక్తులకు ఏడాదికి 5 లక్షల అమ్మకాల వరకు ఇది వర్తించలేదు. 2020 నుండి 2024 వరకు రెండు మినహాయింపులు కలిసి వంద రూపాయలకు సుమారు రెండు రూపాయలు పట్టుకున్న కాలం చిన్న అమ్మకందారులకు మిక్కిలి కష్టమైనది.

ఒక చీర లెక్క

బీరంగూడలో నమోదైన ఒక వ్యాపారి 1,000 రూపాయల చీరను అంతర్జాల వేదికపై అమ్మినట్లు అనుకుందాము. చీరపై పన్ను 5 శాతం. కొన్నవారు కూకట్‌పల్లిలో ఉంటే 25 రూపాయలు కేంద్ర జి.ఎస్.టి., 25 రూపాయలు రాష్ట్ర జి.ఎస్.టి. కొన్నవారు విజయవాడలో ఉంటే 50 రూపాయలు ఐ.జి.ఎస్.టి., అందులో 25 రూపాయలు చివరకు ఆంధ్రప్రదేశ్‌కు చేరుతుంది. రెండు సందర్భాలలోను కొనుగోలుదారు ఇచ్చేది 1,050 రూపాయలే. వేదిక ఇందులో 5 రూపాయలు టి.సి.ఎస్.గా పట్టుకుంటుంది. దాని కమీషను 100 రూపాయలు అనుకుంటే, దానిపై 18 శాతం చొప్పున 18 రూపాయల పన్ను కూడా వ్యాపారి నుండే తీసుకుంటుంది.

నమోదైన వ్యాపారి ఈ 18 రూపాయలను, చీరను టోకున కొన్నప్పుడు కట్టిన పన్నును తన 50 రూపాయల బాధ్యత నుండి తగ్గించుకోవచ్చును. నమోదు కానివారికి, కాంపోజిషను పథకంలోని వారికి ఆ వీలు లేదు. వారికి అది ఖర్చు కిందే పోతుంది. నమోదు లేకపోవడం ఎల్లప్పుడూ లాభమని అనుకోవడం పొరపాటు. కమీషను, రవాణా చార్జీలు ఎక్కువగా ఉన్న వస్తువులలో నమోదే మేలు కావచ్చును.

నమోదయ్యాక రిటర్నులు వేయాలి. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు 2021 జనవరి 1 నుండి మూడు నెలలకొకసారి రిటర్ను వేసి, పన్ను మాత్రం నెలనెలా కట్టే పద్ధతిని ఎంచుకోవచ్చును. అమ్మకాలు ఒక్కటి కూడా లేని కాలానికి సైతం సున్నా రిటర్ను వేయాలి. ఆలస్యానికి రోజుకు 50 రూపాయలు, సున్నా రిటర్నుకు రోజుకు 20 రూపాయలు రుసుము పడుతుంది. టర్నోవరును బట్టి దీనికి గరిష్ఠ పరిమితి ఉన్నది. పండుగల కాలంలో నాలుగు నెలలు అమ్మి తరువాత మానుకున్న వారు ఈ సున్నా రిటర్నుల సంగతి మరచిపోవడం తరచు జరిగే పని. ఆరు నెలలు వరుసగా వేయకపోతే నమోదు రద్దు చేయవచ్చును, నమోదు ఆగితే వేదికపై అమ్మకాలు కూడా ఆగుతాయి.

2025 సెప్టెంబరు 22న రేట్ల మార్పు జరిగినప్పుడు పచ్చళ్లపై పన్ను 12 నుండి 5 శాతానికి తగ్గింది. దుస్తులలో 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం అయింది. ఆ రోజుకు ప్రతి వ్యాపారి తన జాబితాలోని ప్రతి వస్తువుకూ కొత్త రేటును తానే సరిచూసుకోవలసి వచ్చింది.

సొంత వెబ్‌సైటు, వాట్సాప్ అమ్మకాలు

తన సరుకును తన సొంత వెబ్‌సైటులోనే అమ్మేవారికి టి.సి.ఎస్. వర్తించదు. వాట్సాప్‌లోను, ఇన్‌స్టాగ్రామ్‌లోను బొమ్మలు పెట్టి, డబ్బు నేరుగా తమ ఖాతాకు వేయించుకునే వారికి కూడా వర్తించదు, ఎందుకనగా సొమ్ము వేదిక ద్వారా రాలేదు. వీరికి 20 లక్షల సాధారణ పరిమితి, అంతర్రాష్ట్ర అమ్మకానికి తప్పనిసరి నమోదు అన్న రెండు నియమాలే ఉన్నాయి. ప్రభుత్వ ప్రోత్సాహంతో నడిచే ఓ.ఎన్.డి.సి. వంటి జాలంలో ఒక అమ్మకంలో ఒకటి కన్న ఎక్కువ వేదికలు పాల్గొంటాయి. వ్యాపారికి చివరగా సొమ్ము చెల్లించే వేదికే టి.సి.ఎస్. పట్టుకోవాలని 2023 జూలై నాటి సర్క్యులరు చెబుతున్నది.

చేతికి డబ్బు నేరుగా వస్తే లెక్కలోనికి రాదన్న భావం సరికాదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యు.పి.ఐ. చెల్లింపుల వివరాల ఆధారంగా బెంగుళూరు తదితర ప్రాంతాలలో వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చింది. కూరగాయలు, పాలు అమ్మేవారికి కూడా అవి వెళ్లడంతో పెద్ద దుమారం రేగింది. పలువురు తమ కొట్లలో యు.పి.ఐ. బోర్డులు తీసివేశారు. నమోదు చేసుకున్న వారి నుండి పాత బకాయిలు వసూలు చేయబోమని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించిన తరువాత అది సద్దుమణిగింది. వస్తువుల విషయంలో అక్కడి పరిమితి 40 లక్షలు కాగా తెలంగాణ పరిమితి అందులో సగం అన్న సంగతి ఇక్కడివారు గుర్తుంచుకోదగినది.

అమెరికాలోని తెలుగువారు

అమెరికాలో చీరలు, నగలు, పిండివంటలు అంతర్జాలంలో అమ్మే తెలుగు కుటుంబాలకు ఇదే ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతుంది. అక్కడ అమ్మకపు పన్ను పూర్తిగా రాష్ట్రాలది, స్థానిక సంస్థలది. 1992లో క్విల్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు, తమ రాష్ట్రంలో కార్యాలయమో గిడ్డంగియో లేని వ్యాపారి చేత రాష్ట్రం పన్ను వసూలు చేయించరాదని చెప్పింది. 2018 జూన్ 21న సౌత్ డకోటా, వేఫెయిర్ సంస్థల మధ్య కేసులో 5-4 ఆధిక్యంతో ఆ సూత్రాన్ని త్రోసిపుచ్చింది. ఆ కేసులోని చట్టం ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకాలు గాని 200 ఆర్డర్లు గాని దాటినవారికే వర్తించేది. సౌత్ డకోటా 2023లో 200 ఆర్డర్ల షరతును తొలగించింది. టెక్సస్, కాలిఫోర్నియాలలో పరిమితి 5 లక్షల డాలర్లు.

రెండు దేశాలను పోల్చి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అమెరికాలో దూరపు రాష్ట్రానికి కొద్దిగా అమ్మే చిన్న వ్యాపారికి పరిమితి రక్షణగా నిలుస్తుంది. పెద్ద వేదికలపై అమ్మితే పన్ను మొత్తాన్ని వేదికే వసూలు చేసి రాష్ట్రానికి కడుతుంది. భారతదేశంలో వస్తువుల విషయంలో రాష్ట్రం దాటిన అమ్మకానికి సాధారణంగా పరిమితి లేదు, వేదిక పట్టుకునేది స్వల్ప భాగమే, మిగిలిన పన్నును వ్యాపారి తానే లెక్కగట్టి కట్టాలి. మరొక వైపు అమెరికాలో వేల సంఖ్యలో ఉన్న స్థానిక పన్ను పరిధులలో రేట్లు వేరువేరు. భారతదేశంలో బీరంగూడ నుండి ఎక్కడికి పంపినా చీరకు 5 శాతమే.

విమర్శలు, ప్రతిపాదనలు

మొదటి రూపాయి నుండే నమోదు అన్న నియమాన్ని సమర్థించేవారు, పార్శిలు ద్వారా రాష్ట్రం దాటిన సరుకును పట్టుకునే మార్గం మరొకటి లేదని, వీధిలోని కొట్టువాడు పన్ను కడుతుండగా అంతర్జాల వ్యాపారి తప్పించుకోరాదని అంటారు. ఈ వాదనలో రెండవ భాగం పెద్ద అమ్మకందారుల విషయంలో నిజమే. కాని 20 లక్షల లోపు కొట్టువాడికి నమోదే లేనప్పుడు అదే స్థాయి అంతర్జాల వ్యాపారిని పోల్చవలసినది ఆ కొట్టువాడితోనే. పైగా అంతర్జాల వేదికపై ప్రతి అమ్మకం వేదిక రిటర్నులో నమోదవుతుంది గనుక దాచడానికి ఉన్న అవకాశం కొట్టులో కంటె తక్కువ.

2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ జి.ఎస్.టి. కౌన్సిల్ సమావేశం, అంతర్జాల వేదికల ద్వారా పలు రాష్ట్రాలలో అమ్మే చిన్న సరఫరాదారులు ప్రతి రాష్ట్రంలోను వ్యాపార స్థలం చూపడంలో పడే ఇబ్బందిని గుర్తించి, వారి కొరకు సులభమైన నమోదు విధానాన్ని సూత్రప్రాయంగా అంగీకరించింది. నమోదు లేని వ్యాపారి రాష్ట్రం బయటకు వస్తువులు అమ్మడంపై ఉన్న నిషేధాన్ని మాత్రం ఆ సమావేశం మార్చలేదు.